చనిపోయాక లుయెల్లా పాడిన పాటలు

లుయెల్లా టాకెట్ బతికున్నన్నాళ్ళూ పరమ బద్ధకస్తురాలు. పోయాకే ఆమెకు క్షణం తీరిక లేకుండా పోయింది. మొదటి ఏడాది ఒక వంతెనకు ఆమె పేరు పెట్టారు. రెండో ఏడాది ఆమె పేరుతో వంటల పుస్తకం వచ్చింది. ఆ మహాతల్లికి గుడ్డు ఉడకబెట్టడం కూడా రాదని మా నాష్‌విల్‌లో అందరికీ తెలుసు. మూడో ఏడాది కొత్త ఆల్బమ్ అన్నారు. చచ్చినవాడి కళ్ళు చారెడంటారు. మా ఊళ్ళో చచ్చినవాళ్ళకు కళ్ళే కాదు, గొంతు కూడా పెరుగుతుంది.

ఆ ఆల్బమ్ సంగతి నాకు ఫోన్లో చెప్పింది బ్రైస్ హాలోవే. రికార్డుల కంపెనీ తరఫున దాన్ని తయారుచేస్తున్నది ఆయనే.

"మేడమ్, లుయెల్లా గారి మంచం కింద బూట్ల పెట్టెలో పదకొండు క్యాసెట్లు దొరికాయి. ఎవరూ వినని పాటలు. ఎనభైల మొదట్లో పాడినవి."

"ఆ పెట్టెలో ఉండాల్సింది విస్కీ సీసాలు కదండీ?"

"అవీ ఉన్నాయనుకోండి. అది ఆల్బమ్‌లో వెయ్యం." గొంతు సవరించుకున్నాడు. "మీరొచ్చి వెనక గొంతు కలపాలి మేడమ్. మీరు లేకపోతే అది లుయెల్లా రికార్డే కాదు."

ఈ మాట లుయెల్లా ఉన్నప్పుడు ఎవరైనా అని ఉంటే నా ఆయుష్షు ఇంకో పదేళ్ళు పెరిగేది.

నా పేరు వెర్లీన్. మీరు విని ఉండరు, అది మీ తప్పు కాదు. పదిహేనేళ్ళు మా ఊళ్ళో జరిగే కచేరీల్లో లుయెల్లా వెనక మూడడుగుల దూరంలో నిలబడి, ఆమె పాటకు వంత పాడాను. అది కాక డెమోలు పాడేదాన్ని. మా దగ్గర పాట రాసినవాడు దాన్ని పెద్ద గాయనికి కాగితం మీద పంపడు. నాలాంటి వాళ్ళెవరితోనో పాడించి క్యాసెట్ పంపుతాడు. పాట ఎవరి ఇంటికి వెళ్తుందో అచ్చం వాళ్ళలాగే పాడాలి. అప్పుడే ఆవిడకు ఆ పాట తన కోసమే పుట్టిందనిపిస్తుంది. క్యాసెట్ మీద రాసేది కూడా ఆవిడ పేరే. శుభలేఖ మీద అందుకునేవాళ్ళ పేరుంటుంది గానీ, సైకిల్ తొక్కి తెచ్చిచ్చినవాడి పేరుండదు కదా, ఇదీ అంతే.

లుయెల్లా కోసం నేను ఎన్ని పాడానో నాకే తెలీదు. ఆవిడ నా డెమో విని, ఎక్కడ ఊపిరి తీశానో అక్కడే తీసి, ఎక్కడ సాగదీశానో అక్కడే సాగదీసి రికార్డు చేసేది. నేను ఆమెలా పాడేదాన్ని, ఆమె నాలా పాడేది. చివరికి ఎవరి గొంతు ఎవరిదో మాకే తెలియకుండా పోయింది. పేరు మాత్రం ఎవరిదో బాగా తెలుసు. సొమ్మొకడిది, సోకొకడిది.

అక్టోబరులో ఒక సోమవారం పొద్దున స్టూడియోకి వెళ్ళాను. బ్రైస్ ఎదురొచ్చాడు. కాళ్ళకు కౌబాయ్ బూట్లు, వాటి మీద ఈ జన్మలో మట్టి పడలేదు. మూలన హోయ్ట్ కూర్చుని ఉన్నాడు. నలభై ఏళ్ళుగా తీగల మీద ఇనప కడ్డీ జార్చి స్టీల్ గిటారు వాయించే మనిషి, నా పాత స్నేహితుడు. నన్ను చూడగానే ఎప్పుడూ ఏదో ఒకటి వాగేవాడు ఆ రోజు బూట్ల వంక చూసుకున్నాడు. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

ఇంకొకామె సోఫాలోంచి లేచి వచ్చి నన్ను కౌగలించుకుంది. లుయెల్లా ఒక్కగానొక్క కూతురు ట్వైలా. ముప్పై అయిదేళ్ళది, పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది. తల్లి పేరు వాడుకోవాలంటే ఆమె సంతకం కావాలి.

"వెర్లీన్ ఆంటీ, బాగున్నారా? ముందు ఏడో పాట వినండి. మిగతావి తర్వాత."

"ఏడో పాటలోనే ఆ వెక్కు ఉంది మేడమ్," అన్నాడు బ్రైస్. లుయెల్లా వెక్కు అంటే దేశానికంతా తెలుసు. పాడుతూ పాడుతూ ఒక మాట దగ్గర గొంతు చిట్లి, మళ్ళీ అతుక్కుంటుంది. దాని మీద యూనివర్సిటీలో ఎవరో వ్యాసం కూడా రాశారు. "చావు నీడ ఆ రోజే ఆవిడ మీద పడింది. గొంతులో తెలుస్తోంది."

"ఎప్పటిది ఈ పాట?"

"ఎనభై ఒకటి."

ఆవిడ పోయింది రెండు వేల పన్నెండులో. ముప్పై ఒక్క ఏళ్ళ ముందే చావు నీడ పడిందంటే, ఆ నీడ చాలా తీరిగ్గా నడిచి వచ్చిందన్నమాట.

హెడ్‌ఫోన్లు పెట్టుకున్నాను. పాట మొదలైంది. మొదటి లైనుకే నా వీపు మీద జెర్రి పాకినట్టయింది.

అది నేను.

ఆ రోజు నాకు విపరీతమైన జలుబు. ముక్కు పూర్తిగా మూసుకుపోయి, పై స్థాయికి వెళ్ళినప్పుడల్లా గొంతు చిట్లుతోంది. ఇంకోసారి పాడతానంటే పాట రాసినాయన స్టూడియో గంట అయిపోయిందని ఒప్పుకోలేదు. సరే, పోనీ, డెమోయే కదా అని వదిలేశాను. లుయెల్లా ఆ పాట రికార్డు చెయ్యలేదు గానీ జలుబు మాత్రం నేర్చుకుంది. ఆ తర్వాత ముప్పై ఏళ్ళు ముక్కు శుభ్రంగా ఉండి కూడా నా జలుబుతో పాడింది. అవార్డులు తెచ్చుకుంది.

రెండో చరణం మధ్యలో వెనక ఎక్కడో పసిపిల్ల ఏడుపు వినిపించింది. పాట ఆగింది. "ఊరుకో తల్లీ, ఇక్కడే ఉన్నాగా," అంది గొంతు. ఏడుపు ఆగింది. పాట మళ్ళీ అందుకుంది.

హెడ్‌ఫోన్లు తీసేసరికి ట్వైలా కళ్ళు తుడుచుకుంటోంది.

"అది నేను ఆంటీ. ఆ ఏడుస్తోంది నేను. మా అమ్మ ఎప్పుడూ ఊరూరా తిరిగే కచేరీల బస్సులోనే ఉండేది. ఏడాదికి నెల్లాళ్ళు కూడా ఇంట్లో ఉండేది కాదు. నన్ను అసలు ఎత్తుకుందో లేదో కూడా నాకు తెలీదు. ఈ ఒక్క మాట దొరికింది చూడండి. ఇక్కడే ఉన్నాగా, అంది. నాకిది చాలు. బుధవారం సంతకం పెట్టేస్తున్నాను."

హోయ్ట్ ఇంకా బూట్లే చూసుకుంటున్నాడు. గొంతు నొప్పిగా ఉందని చెప్పి బయటికొచ్చాను.

హోయ్ట్ వెనకే వచ్చాడు. ఇద్దరం వీధి చివర హోటల్లో కూర్చున్నాం. అతను వేయించిన క్యాట్‌ఫిష్, బీన్స్, మొక్కజొన్న రొట్టె చెప్పాడు. నాకు తీపి టీ చాలన్నాను.

"నీకు ముందే తెలుసా?"

"మొదటి లైనుకే తెలిసింది. ఆ స్టీల్ వాయించింది నేనే కదే. నా చెయ్యి నాకు తెలీదా?"

"చెప్పొచ్చుగా."

"ఎవరికి చెప్పను? ఆ బ్రైసుకా? అతనికి జలుబుకీ చావుకీ తేడా తెలీదు." రొట్టె విరిచి ప్లేటులో పెట్టాడు. "వెర్లీనూ, నే చెప్పేది విను. నలభై ఏళ్ళు పేరు లేకుండా బతికాం. ఇంకెన్నాళ్ళులే. ఆ పిల్ల మొహం చూశావా? నోరు మూసుకో."

"నీకేం, నీ పేరు వేస్తారు. స్టీల్ గిటారు, హోయ్ట్ అని."

"నీ పేరూ వేస్తారు, వంత గొంతు అని."

"నా గొంతుకి నేనే వంత పాడాలా?"

హోయ్ట్ నవ్వబోయి, నా మొహం చూసి మానుకున్నాడు.

దాచడమెందుకు, నాకు ఆ పేరు కావాలి. అట్ట మీద పెద్దక్షరాలతో కావాలి. ఆ పదకొండు పాటల్లో నాకు ఇరవై తొమ్మిదేళ్ళు. అంత బాగా నేను మళ్ళీ ఎప్పుడూ పాడలేదు. ఇప్పుడు పాడలేను. బుధవారం ఆ పిల్ల సంతకం పెట్టేస్తే ఆ గొంతు శాశ్వతంగా లుయెల్లాది అయిపోతుంది. నేను చచ్చినా తిరిగి రాదు. లుయెల్లాకి చచ్చాక కూడా ఆల్బమ్ ఇస్తున్నారు, నాకు బతికుండగా ఒక్కటి ఇవ్వకూడదా?

మర్నాడు బ్రైస్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాను. మధ్యలో అడ్డు రాకుండా విన్నాడు, పాపం, చిన్నప్పుడు మంచి పెంపకం. తర్వాత మైకు చూపించాడు.

"ఏడో పాట ఒకసారి పాడి వినిపిస్తారా మేడమ్?"

పాడాను. అరవై నాలుగేళ్ళ గొంతుతో, మందులు వేసుకునే గుండెతో, ఒళ్ళు దగ్గర పెట్టుకుని పాడాను. వెక్కు దగ్గర వెక్కాను. అయ్యాక అద్దం అవతల బ్రైస్ హెడ్‌ఫోన్లు తీసి పక్కన పెట్టాడు.

"బాగుంది మేడమ్. నిజంగా. కానీ లుయెల్లా గారిది లోపలి నుంచి వస్తుంది. మీది..." మాట వెతుక్కున్నాడు. "మీది అనుకరణలా ఉంది."

ఇంత గొప్ప చెవి మా ఊరికి దొరకడం మా అదృష్టం.

"మీ బాధ నాకర్థమైంది," అన్నాడు తలుపు దాకా వచ్చి. "కృతజ్ఞతలు అని చివర్లో వేస్తాం కదా, అందులో మీ పేరు ముందు పెడతాను. లుయెల్లా గారి పశువుల డాక్టరు కన్నా ముందు."

ఆ రోజు రాత్రి భోజనం సయించలేదు. కోపం ఒక్కటే కాదు. ఆ పిల్ల మాట చెవిలో తిరుగుతోంది. ట్వైలా నాలుగేళ్ళ వయసు దాకా నా ఇంట్లోనే పెరిగింది. పై ఊళ్ళ కచేరీలకు నేను వెళ్ళేదాన్ని కాదు, తల్లి బస్సెక్కిన ప్రతిసారీ దాన్ని నా గుమ్మంలో దింపి వెళ్ళేది. డెమో ఉంటే వెంట తీసుకెళ్ళేదాన్ని. హోయ్ట్ తన గిటారు పెట్టె తెరిచి పెడితే, లోపలి ఎర్ర మఖమలు మీద నిద్రపోయేది. ఒకరోజు లుయెల్లా వచ్చి ఎత్తుకోబోతే ట్వైలా నా వైపు చేతులు చాపి "అమ్మా" అంది. ఆ వారంలోనే దాన్ని కెంటకీలో అమ్మమ్మ దగ్గరికి పంపేశారు. నేను మాత్రం మూడడుగుల వెనక నిలబడడం మానలేదు. బతకాలి కదా. కానీ ఆ ఏడాదంతా వేదిక మీద లుయెల్లా వెనక్కి తిరిగి నన్ను చూసి నవ్వినప్పుడల్లా ఆమె జుట్టు పట్టుకుని ఈడ్వాలనిపించేది.

బుధవారం వెళ్ళేటప్పుడు నిజంగానే నోరు మూసుకోవాలనే అనుకున్నాను. హోయ్ట్ మాటే సరైందనుకున్నాను. బల్ల మీద కాగితాలు, పెన్ను, పక్కన ఆల్బమ్ అట్ట నమూనా ఉన్నాయి.

"చూడండి మేడమ్, అసలైన క్యాసెట్టే అట్ట మీద వేశాం," అన్నాడు బ్రైస్. "ఏడో పాటది. వెనక లుయెల్లా గారి మాటలు."

అట్ట మీద నా క్యాసెట్టు. దాని మీద మైనం పెన్సిల్‌తో ఒకటే మాట, లుయెల్లా. కింద తారీఖు, మార్చి పద్నాలుగు, ఎనభై ఒకటి. అట్ట తిప్పాను. వెనక, ముప్పై ఏళ్ళు ప్రతి కచేరీలోనూ పాటల మధ్య లుయెల్లా చెప్పిన కథ. టెనెస్సీలో దాన్ని కంఠతా రానివాళ్ళు ఉండరు. "మార్చి పద్నాలుగు, ఎనభై ఒకటి. నా బంగారుతల్లి మొదటి పుట్టినరోజు. నేను వెయ్యి మైళ్ళ దూరంలో, టెక్సస్‌లో, అమరిల్లోలో పాడుతున్నాను. పాట మధ్యలో నా బిడ్డ గుర్తొచ్చి గొంతు చిట్లింది. అప్పుడు చిట్లిన గొంతు ఇప్పటికీ అతకలేదు." ఇక్కడ లుయెల్లా కళ్ళు ఒత్తుకునేది. వెనక నేనూ ఒత్తుకునేదాన్ని. జీతంలో అదొక భాగం.

ముందు అట్ట మీద ఒక తారీఖు, వెనక అట్ట మీద అదే తారీఖు. ముందేమో ఆవిడ నాష్‌విల్‌లో బిడ్డను ఊరుకోబెడుతోంది. వెనకేమో అమరిల్లోలో ఆ బిడ్డ కోసమే ఏడుస్తోంది. దేవుడికి కూడా సాధ్యం కాని పని బ్రైస్ ఒక్క అట్టతో చేసేశాడు. ఇంతమంది చూశారట, లాయర్లు కూడా చూశారట.

నోరు మూసుకుందామనే అనుకున్నాను. కానీ నా నోరు నా మాట వినడం ఎప్పుడో మానేసింది.

"ట్వైలా, నీ పుట్టినరోజు ఎప్పుడు తల్లీ?"

"మార్చి పద్నాలుగు. మీకు తెలుసుగా ఆంటీ." అంటూనే నా చేతిలోంచి అట్ట తీసుకుంది. ముందు చూసింది. వెనక చూసింది. మళ్ళీ ముందు చూసింది. పెదవులు కదులుతున్నాయి. పెన్ను బల్ల మీద పెట్టింది.

"అమ్మ అమరిల్లోలో ఉంది," అంది.

బ్రైస్ అట్ట కోసం చెయ్యి చాపాడు. ఆమె ఇవ్వలేదు.

"ఆ రోజు అమ్మ అమరిల్లోలో ఉంది. ఫోటో కూడా ఉంది, మేయరు పక్కన. మరి ఇది ఎవరు? ఏడుస్తోంది నేను కాదా?"

"నువ్వే," అన్నాను. "హోయ్ట్ గిటారు పెట్టెలో పడుకున్నావు. ఊరుకోమంది నేను."

ట్వైలా హోయ్ట్ వైపు చూసింది. హోయ్ట్ తల ఊపాడు. ఈసారి బూట్ల వైపు చూడలేదు.

"తారీఖు చెరిపేద్దాం," అన్నాడు బ్రైస్. "కంప్యూటర్లో అరనిమిషం పని. ఎవరికీ తెలీదు."

"నాకు తెలుసుగా," అంది ట్వైలా. నా వైపు తిరిగింది. నేను ఎదురుచూసిన మొహం కాదది. "మీరెందుకు చెప్పారు ఆంటీ? ముప్పై అయిదేళ్ళు చెప్పలేదుగా. ఇంకొక్క రోజు ఊరుకుంటే నాకు అమ్మ మిగిలేది."

"పాట నాది తల్లీ. నాకు మిగిలింది ఆ గొంతొక్కటే. నా పేరు కావాలనుకున్నాను."

"తీసుకోండి," అంది. సంచి భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయింది. కాగితాల మీద సంతకం పడలేదు.

నా పేరుతో ఆ పాటలు వేస్తారా అని బ్రైస్‌ని అడిగాను. సిగ్గు లేదనుకున్నా సరే, అడిగాను.

"వెర్లీన్ ఎవరు మేడమ్?" అన్నాడు. వెటకారంగా కాదు. నిజంగానే, కొనేవాళ్ళు అలా అడుగుతారని చెప్తున్నాడు.

ఆల్బమ్ ఆగిపోయింది. బదులుగా లుయెల్లా పేరుతో కొవ్వొత్తులు వచ్చాయి. పీచ్ వాసనట. నేను శీతాకాలమంతా ఇంట్లోనే ఉన్నాను. హోయ్ట్ వారానికోసారి వచ్చి, చెప్పానా అనకుండా చెప్పానా అన్నట్టు కూర్చుని వెళ్ళేవాడు. ట్వైలాకి రెండుసార్లు ఫోన్ చేశాను. ఎత్తలేదు. పేరు కోసం ఎగబడి, ఉన్న ఒక్క పిల్లనీ మళ్ళీ పోగొట్టుకున్నాను. మొదటిసారి లుయెల్లా లాక్కుంది. రెండోసారి నేనే చేజేతులా చేసుకున్నాను.

మార్చి పద్నాలుగున మధ్యాహ్నం తలుపు చప్పుడైతే తీశాను. ట్వైలా. చేతిలో బూట్ల పెట్టె.

"ఆ రోజు కేకు కోశారా?" అంది గుమ్మంలోనే.

"ఏ రోజు?"

"నా మొదటి పుట్టినరోజు. అమ్మ కథ దేశమంతా విన్నారు. నా కథ నాకెవరూ చెప్పలేదు."

లోపలికి రమ్మన్నాను. కేకు కాదు, అరటిపండు పుడ్డింగులో ఒక కొవ్వొత్తి గుచ్చామని చెప్పాను. దాన్ని నువ్వు చేత్తో కొడితే హోయ్ట్ చొక్కా మీద పడిందని, ఆ చొక్కాతోనే ఆయన సాయంత్రం ఇంకో రికార్డింగుకి వెళ్ళాడని చెప్పాను. జలుబు నీకూ అంటిందని, వారం రోజులు ఇద్దరం ముక్కులు చీదుకుంటూ గడిపామని చెప్పాను. ఒక్కో మాటా దాచుకుంటున్నట్టు విన్నది. కెంటకీ సంగతి మాత్రం చెప్పలేదు. పోయినవాళ్ళ మీద ఒక్క దయ అయినా మిగల్చాలి.

పెట్టె తెరిచి ఏడో క్యాసెట్టు నా ఒళ్ళో పెట్టింది. లుయెల్లా అన్న మాటను స్పిరిటుతో తుడిచేసింది, కాస్త మరక మిగిలింది. దాని పక్కన కొత్త సిరాతో రాసి ఉంది, వెర్లీన్ స్టబుల్‌ఫీల్డ్ అని. ఇంటిపేరుతో సహా. పదకొండింటి మీదా అలాగే. ఇదీ నా మొదటి ఆల్బమ్. వేసింది ఒకే ఒక్క కాపీ. పైగా పాడినావిడ ఇంకా పోలేదు, మా ఊళ్ళో అదొక్కటే లోటు.

"పెట్టండి," అంది ట్వైలా.

అటక మీంచి పాత టేప్ రికార్డరు దించి పెట్టాను. చక్రాలు కాసేపు మొరాయించి తిరిగాయి. రెండో చరణం వచ్చింది. పసిపిల్ల ఏడ్చింది. "ఊరుకో తల్లీ, ఇక్కడే ఉన్నాగా," అంది ఇరవై తొమ్మిదేళ్ళ వెర్లీన్. టేపులో పిల్ల ఏడుపు ఆపేసింది. సోఫాలో ఉన్న పిల్ల అప్పుడే మొదలుపెట్టింది.

పక్కన కూర్చుని ఆ పిల్ల తల నా భుజానికి ఆనించుకున్నాను. చెప్పడానికి కొత్త మాట ఏదీ తోచలేదు. పాతదే మళ్ళీ అన్నాను. ఈసారి నాకు జలుబు లేదు, అయినా గొంతు సరిగ్గా అక్కడే చిట్లింది.